హై ఆర్చ్ పాదాలకు ఏది మేలు: షూనా, ఇన్‌సోలా, ఇంట్లో చెప్పులా?

“నా పాదం వంపు బాగా ఎక్కువ. ఆర్చ్ సపోర్ట్ ఉన్నవి వేసుకోమన్నారు. ఏవి కొనాలి?” ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో టీచర్లున్నారు, నర్సులున్నారు, రోజంతా కౌంటర్ వెనక నిలబడేవాళ్లున్నారు, పొద్దున వాకింగ్ నుంచి మడమ పట్టుకుని కుంటుకుంటూ వచ్చేవాళ్లున్నారు. నాదీ ఇలాంటి పాదమే, మా అమ్మ వైపు నుంచి వచ్చింది. ఈ ఏడాది నేను కూడా పాతవన్నీ తీసేసి కొత్తగా కొనుక్కోవాల్సి వచ్చింది కాబట్టి విడివిడిగా చెబుతున్న జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

తడి కాలితో గచ్చు మీద అడుగు వేసి అచ్చు చూసుకోవడం అందరికీ తెలిసిందే. అచ్చు మధ్యలో తెగిపోయి ముందొక ముక్క, వెనకొక ముక్క కనిపిస్తే వంపు ఎక్కువని అర్థం. అయితే కొనే ముందు అచ్చుకన్నా ఆనెకాయలను చూడమంటాను. కుర్చీలో కూర్చుని అరికాలు పైకి తిప్పి చూడండి. బొటనవేలు మొదలు కింద ఒకటి, చిటికెన వేలు మొదలు కింద ఒకటి, మడమ బయటి అంచున గట్టిపడిన చర్మం, మధ్యలో మాత్రం ఎప్పుడూ నేల తగలనంత మెత్తగా ఉంటుంది. శరీరం బరువంతా ఆ రెండు మూడు చోట్లే పడుతోందన్నమాట. పైగా వంపు ఎక్కువున్న పాదం చాలామందిలో బిగుసుగా ఉంటుంది, అడుగు పడ్డప్పుడు సాగి అదురును తీసుకోదు. ఆ అదురు మడమకు, వేళ్ల మొదళ్లకు, అక్కడి నుంచి పిక్కకు వెళుతుంది.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒక్కటే: ఈ చెప్పు గానీ షూ గానీ నా బరువును ఎంత చోటికి పంచుతోంది? వంపు కింద ఉన్న ఖాళీ నిండాలి, మడమ కింద, వేళ్ల మొదళ్ల కింద మెత్తగా ఉండాలి, పాదం బయటి వైపుకు ఒరిగిపోకూడదు. వంపును పైకి ఎత్తిపట్టుకునే గట్టి దిమ్మ మనకు అక్కర్లేదు, అది ఇప్పటికే ఎత్తుగా ఉంది.

స్టెబిలిటీ షూ, న్యూట్రల్ షూ

షాపులో ఆర్చ్ సపోర్ట్ అని అడగ్గానే చాలాచోట్ల ముందు తెచ్చి పెట్టేది స్టెబిలిటీ షూ. అది ప్రధానంగా చదును పాదాలవాళ్ల కోసం తయారైంది. చదును పాదం నడిచేటప్పుడు లోపలికి వాలుతుంది. దాన్ని ఆపడానికి షూ లోపలి అంచున మిగతా భాగంకన్నా గట్టి ఫోమ్ పెడతారు. మన పాదానిది సరిగ్గా దీనికి ఎదురు స్వభావం, అసలే బయటికి ఒరుగుతుంది. లోపలి వైపు నుంచి ఇంకాస్త తోస్తే చీలమండ మడత పడటం ఎక్కువవుతుంది, చిటికెన వేలి వైపు ఎముకల మీద భారం పెరుగుతుంది. అందుకే పాదాన్ని ఎటూ తోయని, కుషన్ బాగా ఉన్న న్యూట్రల్ షూ వైపే నేను మొగ్గుతాను.

పేర్లతో చెప్పాలంటే, ఆసిక్స్‌లో జెల్-కయానో, జీటీ-2000 స్టెబిలిటీ రకాలు. జెల్-నింబస్, జెల్-క్యుములస్ న్యూట్రల్ రకాలు. బ్రూక్స్‌లో అడ్రినలిన్ జీటీఎస్ మొదటి రకం, ఘోస్ట్ రెండోది. హోకా బాండీ, క్లిఫ్టన్ కూడా న్యూట్రలే, అడుగు బాగా మందంగా ఉంటుంది. ఇదివరకు షూ లోపలి అంచున బూడిద రంగు గట్టి ముక్క కనిపించేది, బొటనవేలితో నొక్కితే తేడా తెలిసిపోయేది. కొత్త స్టెబిలిటీ మోడళ్లలో ఆ ముక్క తీసేసి వేరే పద్ధతులు పెడుతున్నారు కాబట్టి నొక్కి చూడటం ఒక్కటే చాలదు. ఇది న్యూట్రలా, స్టెబిలిటీనా అని నేరుగా అడగండి. సేల్స్‌మన్ తడబడితే ఫోన్‌లో కంపెనీ సైట్ తెరిచి చూసుకోండి.

అయితే మెత్తదనానికీ ఒక హద్దు ఉంది. మరీ మెత్తగా, మరీ ఎత్తుగా ఉన్న అడుగు బయటి వైపు అణిగిపోతే పాదం అటే ఒరిగిపోతుంది. తరచూ చీలమండ మడతపడేవాళ్లు షూను తలకిందులు చేసి అడుగు వెడల్పు చూడండి. మడమ దగ్గర, అడుగు మధ్య భాగంలో వెడల్పుగా ఉన్నదే తీసుకోండి. వెనక మడమను పట్టుకునే భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే తేలిగ్గా నలిగిపోకూడదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద 2009, 2010 సంవత్సరాల్లో పెద్ద పరీక్షలు ప్రచురితమయ్యాయి. కొందరికి పాదం అచ్చును బట్టి షూ ఇచ్చారు, మిగతావాళ్లకు అచ్చుతో సంబంధం లేకుండా అందరికీ ఒకే రకం స్టెబిలిటీ షూ ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి వంపు ఎక్కువుంటే న్యూట్రల్ షూ వేసుకుని తీరాల్సిందేనని, లేకపోతే కాళ్లు పాడైపోతాయని భయపెట్టడం తప్పు. కాకపోతే వాళ్లు శిక్షణకు వచ్చిన కుర్రవాళ్లు. నన్ను అడిగేవాళ్లు అప్పటికే నొప్పితో ఉన్నవాళ్లు, ఎక్కువమంది నలభై దాటినవాళ్లు. నొప్పి ఉన్న పాదానికి బరువు ఎక్కడ పడుతోందన్నది ముఖ్యమే. నొప్పి లేకపోతే మాత్రం వేసుకుని నడిచినప్పుడు ఏది హాయిగా ఉంటే అదే కొనుక్కోండి.

ఒక మినహాయింపు కూడా ఉంది. కూర్చున్నప్పుడు వంపు ఎత్తుగా ఉండి, లేచి నిలబడగానే బాగా దిగిపోయేవాళ్లు కొందరుంటారు. వాళ్లది బిగుసు పాదం కాదు, లోపలికి వాలుతుండొచ్చు. వాళ్లకు తేలికపాటి స్టెబిలిటీ షూ హాయిగానే ఉంటుంది. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి, మీరు కూర్చున్నప్పుడొకటి, నిలబడ్డప్పుడొకటి ఫోటో తీయమంటే తేలిపోతుంది.

మడమ ఎత్తు కూడా చూడండి. మడమ దగ్గర అడుగు వేళ్ల దగ్గరకన్నా ఎన్ని మిల్లీమీటర్లు ఎత్తుందో చెప్పే లెక్కను డ్రాప్ అంటారు. మనలో చాలామందికి పిక్క కండరం బిగుసుగా ఉంటుంది కాబట్టి 8 నుంచి 10 మిల్లీమీటర్ల డ్రాప్ మడమకు సుఖంగా ఉంటుంది. నొప్పి వేళ్ల మొదళ్ల దగ్గరైతే అంత ఎత్తు బరువును ముందుకు తోస్తుంది, అప్పుడు 5, 6 చాలు. డ్రాప్ అసలు లేని షూల జోలికి నొప్పి ఉన్నప్పుడు పోవద్దు.

ఇన్‌సోల్ సంగతి

షూ ఎంత మంచిదైనా దాని లోపల పాదం కింద పరిచి వచ్చే ఇన్‌సోల్ చాలావరకు పలచటి ఫోమ్ ముక్కే. దాన్ని బయటికి తీసి నేల మీద పెట్టి పైన నిలబడండి. లోపలి వైపు నుంచి వంపు కిందికి ఒక కాగితం తోయండి. అడ్డం లేకుండా చాలా దూరం దూరిపోయిందంటే అక్కడ ఖాళీ అలాగే ఉంది. కొత్త ఇన్‌సోల్ కొనేటప్పుడూ ఇదే పరీక్ష.

జెల్ ఇన్‌సోళ్లు చాలామంది కొంటారు, తొక్కితే బాగుంటాయి కాబట్టి. అవి మెత్తదనం ఇస్తాయి, ఖాళీని నింపవు. మడమ నొప్పికి తాత్కాలికంగా పరవాలేదు. కింద గట్టి చట్రం, పైన ఫోమ్ ఉన్నవి, వంపు ఎత్తులో రకాలున్నవి దొరికితే అందులో ఎత్తు రకం తీసుకోండి. వేసుకోగానే వంపు కింద తాకినట్టు తెలియాలి, గుచ్చుకున్నట్టు కాదు. మొదటి వారం రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, లేకపోతే పిక్కలు పట్టేస్తాయి.

కొలతలిచ్చి చేయించుకునేవి ఖరీదు. రెడీమేడ్‌కు రెండు మూడు రెట్లు అవుతుంది. మరి అంత పెట్టొచ్చా? నొప్పి నెలల తరబడి ఉంటే పెట్టొచ్చనే అంటాను. వంపు ఎక్కువుండి పాదాల నొప్పితో బాధపడుతున్న 154 మంది మీద ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2006లో వచ్చింది. కొందరికి పాదం అచ్చు తీసి చేసిన ఇన్‌సోళ్లు, మిగతావాళ్లకు చూడటానికి అలాగే ఉండే మామూలువి ఇచ్చి మూడు నెలలు చూశారు. రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, అచ్చు తీసి చేసినవాటితో ఇంకా బాగా తగ్గింది, అరికాలి మీద ఒత్తిడి కూడా ఎక్కువ తగ్గింది. మామూలు ఇన్‌సోల్‌తోనూ కొంత తగ్గిందన్నది గుర్తుపెట్టుకోండి. అందుకే నా సలహా ముందు రెడీమేడ్‌తో ఆరు వారాలు చూడమని.

చేయించుకోవాలనుకుంటే ఆర్థోటిక్స్, అంటే ఇలాంటి ఇన్‌సోళ్లు, ఆసరా పట్టీలు చేసే విభాగం ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. తిరుపతి బర్డ్ లాంటి ఎముకల ఆసుపత్రుల్లో, పెద్ద నగరాల్లోని పునరావాస విభాగాల్లో ఈ పని తెలిసినవాళ్లుంటారు. యంత్రం మీద నిలబెట్టి రంగురంగుల బొమ్మ చూపించి వెంటనే ఇన్‌సోల్ అమ్మేచోట కాస్త ఆగండి. చూసేవాళ్లకు పని తెలుసో లేదో తెలిసే గుర్తు ఒకటుంది. వాళ్లు మిమ్మల్ని వెనక నుంచి చూస్తారు, మడమ లోపలికి తిరిగి ఉందా అని. తర్వాత అంగుళం మందం చెక్క ముక్క మీద మడమ, పాదం బయటి అంచు పెట్టించి, బొటనవేలి వైపు కిందికి దించమంటారు. దీన్ని కోల్‌మన్ బ్లాక్ పరీక్ష అంటారు. అప్పుడు మడమ నిటారుగా వచ్చేస్తే, వంకరకు మూలం పాదం ముందు భాగంలో ఉన్నట్టు. అలాంటివాళ్లకు ఇన్‌సోల్‌లో బొటనవేలు మొదలు కింద చిన్న గుంట వదిలి, ముందువైపు బయటి అంచు కొంచెం ఎత్తు చేస్తే బరువు సర్దుకుంటుంది. ఇవేవీ చూడకుండా వంపు కింద గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెట్టి పంపిస్తే ఆ డబ్బు వృథా.

ఇంట్లో ఏం తొడుక్కుంటున్నారు?

షూ గురించి అడిగిన ప్రతివాళ్లనూ నేను తిరిగి అడిగే ప్రశ్న ఇది. షూ వేసుకునేది రోజుకు గంటో, రెండు గంటలో. గడప దాటి లోపలికి రాగానే అన్నీ విప్పేసి గ్రానైట్ మీద, టైల్స్ మీద ఒట్టి కాళ్లతో తిరుగుతాం. వంటగది గట్టు ముందు నిలబడి ఇంతమందికి దోసెలు పోసే మనిషి అరికాలి కింద ఆ గంటన్నరలో ఏముంది? రాయి. ఆనెకాయలున్న ఆ మూడు చోట్లే రాయి తగులుతూ ఉంటుంది. పన్నెండు వేల షూ కొన్నా నొప్పి తగ్గలేదని చెప్పేవాళ్లలో చాలామంది దగ్గర ఇంట్లో తొడుక్కోవడానికి ఏమీ ఉండదు. చేతిలో ఒక్కదానికే డబ్బుంటే ముందు ఇంటి చెప్పులే కొనండి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ పోటీ ఎంసీఆర్ చెప్పులకూ, కార్క్ అడుగున్న శాండల్స్‌కూ. ఎంసీఆర్ అంటే సన్నటి గాలి గదులున్న మెత్తటి రబ్బరు. కుష్ఠువల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా చూడటానికి తమిళనాడులోని వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. వేలూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన సర్జన్ డాక్టర్ పాల్ బ్రాండ్ పనితో దీనికి దగ్గరి సంబంధం ఉంది. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా రాస్తున్నారు. సర్జికల్ షాపుల్లో, చెప్పుల షాపుల్లో డాక్టర్ చెప్పులు, ఆర్థో చెప్పులు అన్న పేర్లతో దొరుకుతాయి, చాలావరకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. అయితే ఆర్థో అని పేరున్నవన్నీ ఎంసీఆర్ కావు. వేలితో గట్టిగా నొక్కి వదలండి, దిగి మళ్లీ నెమ్మదిగా పైకి రావాలి. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోతే అది చవక ఫోమ్, రెండు నెలలకు అట్ట అవుతుంది.

ఎంసీఆర్‌లో లోపం ఏమిటంటే, చదునుగా కోసిన షీటుతో చేసినవి వంపు కింద ఖాళీని నింపవు. కాబట్టి వంపు దగ్గర ఎత్తుగా మలిచినవే అడిగి తీసుకోండి. దొరక్కపోతే చదునువే కొని, సర్జికల్ షాపులో ఆర్చ్ ప్యాడ్ తీసుకుని, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర పై పొర కింద అతికించుకోవచ్చు. ముందు చెప్పు మీద నిలబడి వంపు ఎక్కడ వస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకోండి. ప్యాడ్ అర అంగుళం వెనక్కి పోయినా మడమ ముందు గుచ్చుకుంటుంది.

కార్క్ శాండల్స్‌లో బిర్కెన్‌స్టాక్ అందరికీ తెలిసిన పేరు. అడుగు పాదం ఆకారంలో మలిచి ఉంటుంది, మడమకు లోతైన గుంట, వంపు కింద ఎత్తు, వేళ్ల కింద చిన్న గట్టు. వాడేకొద్దీ కార్క్ మీ పాదానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఖాళీని నింపడంలో ఎంసీఆర్‌కన్నా ఇదే ముందుంది. పట్టీలకు బకిల్స్ ఉంటాయి కాబట్టి మీగాలు ఎత్తుగా ఉన్నా వదులు చేసుకోవచ్చు, మన పాదాలకు ఇది పెద్ద సుఖం. కానీ మొదటి రెండు వారాలు గట్టిగా ఉంటుంది, ఎంసీఆర్ అలవాటైనవాళ్లకు కర్ర మీద నిలబడ్డట్టుంటుంది. వేళ్ల మొదళ్ల దగ్గర నొప్పి ఉన్నవాళ్లు సాఫ్ట్ ఫుట్‌బెడ్ అని పైన ఫోమ్ పొర ఉన్న రకం అడగండి. నీళ్లు తగిలితే కార్క్ పాడవుతుంది, పెరడు కడిగేచోట, బాత్‌రూమ్ దగ్గర పనికిరాదు. అదే ఆకారంలో ఈవీఏ అనే తేలికపాటి ఫోమ్‌తో చేసినవి చవక, తేలిక, కడుక్కోవచ్చు. కాకపోతే కార్క్‌లాగా పాదానికి సర్దుకోవు.

నేను ఇంట్లోకి మలిచిన ఎంసీఆర్, బయటికి వెనక పట్టీ ఉన్న కార్క్ శాండల్స్ తీసుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర షూ తొడుక్కుని తిరగడం అయ్యే పని కాదు. వెనక పట్టీ ఎందుకంటే, అది లేకపోతే చెప్పు జారకుండా వేళ్లు ముడుచుకుని పట్టుకుంటాయి. వంపు ఎక్కువున్నవాళ్లకు వేళ్లు ముందే పక్షి గోళ్లలా వంగే స్వభావం ఉంటుంది, దానికి ఇంకా పని పెట్టకూడదు.

వంటింట్లోకి, దేవుడి గది వైపుకు చెప్పులు రానివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ పట్టింపును నేను కాదనను. గడప బయటికి ఎప్పుడూ వెళ్లని జత వేరేగా పెట్టుకుంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. అదీ కుదరకపోతే పొయ్యి ముందు ఒకటి, సింకు ముందు ఒకటి మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోండి. గుళ్లలో, అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఒట్టికాళ్లే కదా, అక్కడ మందపాటి సాక్స్ లోపల వేళ్ల మొదళ్ల కింద, మడమ కింద సిలికాన్ ప్యాడ్లు పెట్టుకుంటే కొంత నయం.

మిగతావి

హవాయి చెప్పులు: సన్నగా, చదునుగా, వేళ్లతో పట్టుకోవాల్సినవి, స్నానాల గదికి చాలు. క్రాక్స్ రకం: మీగాలికి చోటుంటుంది, మెత్తన, వంపు కింద అంతంతమాత్రం, వానాకాలానికి మంచివి. మెమరీ ఫోమ్ స్లిప్-ఆన్లు షాపులో తొక్కినప్పుడున్న హాయి కొన్నాళ్లకే అణిగిపోతుంది, పైగా మీగాలు దగ్గర వదులు చేసుకునే దారి లేదు. ఆఫీసుకు తోలు బూట్లు తప్పనివాళ్లు లేసులున్నవి, ఇన్‌సోల్ బయటికి వచ్చేవి కొనుక్కుని లోపల మీది పెట్టుకోండి. హీల్స్ బరువంతా ముందుకు తోస్తాయి, పెళ్లిళ్లకు గంట సేపు సరే.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు

వంపు రెండు కాళ్లలో ఒకేలా, చిన్నప్పటి నుంచీ ఉండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే సాధారణంగా కంగారు పడనక్కర్లేదు. ఒక్క కాలిలోనే ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతున్నా, వేళ్లు వంగిపోతున్నా, తిమ్మిర్లున్నా, పాదం ఎత్తి వేయలేక వేళ్లు నేలకు తగులుతున్నా చెప్పులు కొనడం తర్వాత, ముందు న్యూరాలజిస్టును కలవండి. 1886లో గుర్తించిన షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు చాలాసార్లు ఇలా పాదం వంపుతోనే బయటపడుతుంది. వెన్నుపాము సమస్యలు, చిన్నప్పటి పోలియో కూడా కారణం కావచ్చు. పిల్లల్లో అయితే అసలు ఆలస్యం వద్దు. షుగర్‌వల్ల స్పర్శ తగ్గినవాళ్లు హాయిగా ఉందా లేదా అని తమ పాదం చెప్పేదాన్ని నమ్మడానికి వీల్లేదు, వాళ్లకు డాక్టరు చూసి చెప్పిన చెప్పే సరైనది.

షాపులో

సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మీ ఇన్‌సోల్ చేతిలో పట్టుకెళ్లి, షూలో ఉన్నది తీసి మీది వేసి చూడండి. ఒకదాని మీద ఇంకొకటి పెడితే పాదం పైకి లేచి మడమ జారుతుంది. వంగిన వేళ్లు పైన రాసుకోకుండా ముందు భాగం లోతుగా ఉండాలి.

మీగాలు మీద లేసు నొక్కుతోందని సైజు పెంచేవాళ్లను చాలామందిని చూశాను. అప్పుడు పొడవు ఎక్కువై మడమ ఆడుతుంది. సైజు పెంచక్కర్లేదు, లేసు మార్చి కట్టండి. మీగాలు బాగా ఎత్తుగా ఉన్నచోట రెండు లేసులను అడ్డంగా దాటించకుండా ఎటువైపుది అటే నిలువుగా పై రంధ్రంలోకి తీసుకెళ్లి, ఆ పైన మళ్లీ మామూలుగా దాటించండి. నొక్కేచోట కిటికీలా ఖాళీ ఏర్పడుతుంది, పైనా కిందా బిగుతు అలాగే ఉంటుంది.

పాత చెప్పుల అరుగుదల చూసి నిర్ణయించేవాళ్లకు ఒక్క మాట. మడమ బయటి మూల అరగడం దాదాపు అందరికీ ఉండేదే. చిటికెన వేలి వైపు అంచు పొడవునా అరిగితే మాత్రం పాదం బయటికి ఒరుగుతున్నట్టే. షూ ఫోమ్ పై నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది గానీ 500 నుంచి 800 కిలోమీటర్లకు చచ్చుబడుతుంది. రోజుకు నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లకు అంటే నాలుగు నుంచి ఆరున్నర నెలలే. కొన్న జత మొదటి రెండు రోజులూ ఇంట్లో శుభ్రమైన టైల్స్ మీదే వేసుకుని తిరగండి, అడుగు మాయకపోతే చాలా షాపుల్లో మార్చిస్తారు. బిల్లు, డబ్బా పారేయకండి.